పటాలం చరిత్రను పుస్తకంగా తెచ్చిన నెల్లూరు ప్రెస్సు: పనితనంపై సమీక్ష

నెల్లూరులో వీఆర్సీ సెంటర్‌కు దగ్గరగా, ట్రంకు రోడ్డు నుంచి చీలిన సందులో ఉన్న ఈ ప్రెస్సుకు శుభలేఖల విషయంలో, కరపత్రాల విషయంలో, బిల్లు పుస్తకాల విషయంలో చాలాకాలంగా మంచి పేరుంది. నేను రాస్తున్నది ఆ పనుల గురించి కాదు. 3వ మద్రాసు రెజిమెంట్ టెరిటోరియల్ బెటాలియన్ల (సొంత పనులు చేసుకుంటూ, పిలిచినప్పుడు యూనిఫాం వేసుకునేవారి దళాల) చరిత్రనూ, ఆ రెజిమెంట్‌లో పనిచేసిన నెల్లూరు, ప్రకాశం జిల్లాల సైనికుల వివరాలనూ కలిపి మా మిత్రబృందం తయారు చేసిన పుస్తకాన్ని ఈ ప్రెస్సువారే కంపోజు చేసి, అచ్చు వేసి, బైండు చేసి ఇచ్చారు. పేర్లు, అంకెలు, పాత ఫొటోలు ప్రాణంగా ఉండే పుస్తకానికి ఈ ప్రెస్సు నమ్మదగినది. మ్యాపుల ముద్రణలో మాత్రం వీరు ఇంకా మెరుగుపడాలి. గడువు విషయంలో మనమే జాగ్రత్తగా ఉండాలి. ఈ మూడు మాటలకూ కారణాలు చెప్పాలంటే ఆ రెజిమెంట్ కథ కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే పుస్తకంలోని విషయమే ప్రెస్సుకు పరీక్ష పెట్టింది.

మద్రాసు రెజిమెంట్ మన సైన్యంలోని పదాతి రెజిమెంట్లలో అతి పాతదిగా లెక్కకు వస్తుంది. దాని మూలాలు 1758లో కోరమాండల్ తీరపు సిపాయిలను బెటాలియన్లుగా కూర్చిన నాటివి. 1803 సెప్టెంబరు 23న జరిగిన అస్సాయి యుద్ధంలో మద్రాసు బెటాలియన్లు చూపిన తెగువకు గుర్తుగా లభించిన ఏనుగు బొమ్మ నేటికీ ఆ రెజిమెంట్ చిహ్నంలో ఉంది. ఇంత ఘన చరిత్ర ఉన్న దళాన్ని 19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో చిన్నచూపు చూశారు. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికీ, ఆ తరువాత 1893 వరకు మొత్తం భారత సైన్యానికీ అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర, దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారనీ వాయవ్య ప్రాంతపు జాతులే యోధజాతులనీ గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకమే విధానమైంది. మద్రాసు బెటాలియన్లను ఒకదాని తరువాత ఒకటి రద్దు చేయడం, లేదా పేరు మాత్రం ఉంచి అందులో ఇతర ప్రాంతాలవారిని నింపడం మొదలైంది. కరువు ప్రాంతాలైన కనిగిరి, పొదిలి, ఉదయగిరి వంటి చోట్ల పటాలం ఉద్యోగం ఒక కుటుంబానికి ఎంత ఆధారమో తెలిసినవారికి ఈ నిర్ణయం ఎవరి కంచంలో కూడు లాగిందో వేరే చెప్పనక్కరలేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో మద్రాసు సిపాయిలు మెసొపొటేమియా (నేటి ఇరాక్) వరకు వెళ్ళి పోరాడి వచ్చిన తరువాత కూడా ఈ అభిప్రాయం మారలేదు. 1922లో సైన్యాన్ని పునర్వ్యవస్థీకరించినప్పుడు పాత కర్ణాటిక్ పదాతిదళాలను కలిపి 3వ మద్రాసు రెజిమెంట్ అని పేరు పెట్టారు. అదే కాలంలో ఇంచ్‌కేప్ కమిటీ ఖర్చులు తగ్గించాలని సిఫారసు చేసింది, సైన్యం మీద కత్తెర పడింది, ఆ కత్తెర ముందుగా మద్రాసు వారి మీదనే పడింది. 1928 నాటికి ఆ రెజిమెంట్‌లో ఒక్క రెగ్యులర్ బెటాలియన్ కూడా మిగలలేదు. రోడ్లు వేయడం వంటి పనులు చేసే మద్రాసు పయొనీర్లను కూడా 1933 నాటికి రద్దు చేశారు. దక్షిణాదివారికి సైన్యంలో ప్రధానంగా మిగిలిన చోటు మద్రాసు సాపర్ల (సైనిక ఇంజినీరింగ్ పనివారి) దళమే.

అయినా 3వ మద్రాసు రెజిమెంట్ అనే పేరు చెరిగిపోలేదు. 1920లో చేసిన చట్టం ప్రకారం ఏర్పడిన భారత టెరిటోరియల్ దళంలో, రెగ్యులర్ రెజిమెంట్లకు అనుబంధంగా 11వ సంఖ్య నుంచి మొదలయ్యే టెరిటోరియల్ బెటాలియన్లు ఉండేవి. ఇంటి దగ్గర వ్యవసాయమో, బడిపంతులు పనో, గుమాస్తా పనో చేసుకుంటూ, ఏటా కొన్ని వారాలు శిక్షణకు వెళ్ళి, ప్రభుత్వం పిలిచినప్పుడు యూనిఫాం వేసుకునే మనుషులతో నిండిన బెటాలియన్లు అవి. మాతృ రెజిమెంట్‌లోని రెగ్యులర్ బెటాలియన్లన్నీ రద్దయిన తరువాత, దాదాపు పన్నెండు పదమూడేళ్ళ పాటు, ఆ పేరును, ఆ చిహ్నాన్ని మోసినవారు ఈ తాత్కాలిక సైనికులే. రెండో ప్రపంచయుద్ధం వచ్చి, దక్షిణాదివారు పనికిరారన్న సిద్ధాంతం అవసరం ముందు నిలబడలేక కూలిపోయి, 1941 నుంచి రెజిమెంట్‌ను మళ్ళీ నిలబెట్టవలసి వచ్చినప్పుడు పునాదిగా దొరికినవి కూడా ఈ టెరిటోరియల్ బెటాలియన్లే. మా పుస్తకం చెప్పదలచిన విషయం ఇదే. పెద్ద యుద్ధాలు చేసిన బెటాలియన్ల గురించి చాలామంది రాశారు. ఎవరూ లెక్కచేయని కాలంలో జెండా దించకుండా ఉంచినవారి గురించి తెలుగులో చదువుకునేందుకు మాకు సరైన పుస్తకం దొరకలేదు కాబట్టి మేమే రాసుకున్నాము.

ఇక ప్రెస్సు పని. మొదటి చిక్కు బెటాలియన్ల సంఖ్యలతోనే వచ్చింది. ఆ రోజుల సైనిక రికార్డులలో బెటాలియన్ సంఖ్య, గీత, రెజిమెంట్ సంఖ్య అనే వరుసలో రాసేవారు. 11/3 మద్రాసు అంటే 3వ మద్రాసు రెజిమెంట్‌కు చెందిన 11వ బెటాలియన్, 1/3 అంటే అదే రెజిమెంట్ 1వ బెటాలియన్. కంపోజింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇది తెలియదు కాబట్టి, మొదటి ప్రూఫులో ప్రతి చోటా దానిని భిన్నంగా మార్చి, పైన చిన్న ఒకటి, కింద చిన్న మూడు పెట్టింది. చూసేవారికి అది మూడో వంతు మద్రాసు రెజిమెంట్‌లా కనిపిస్తుంది. పేజీలు కట్టే అమ్మాయి ఆ మార్పును మా దృష్టికి తానే తెచ్చింది. భిన్నాలను ఆపుచేసి ఊరుకోకుండా, గీతకు ఇరువైపులా ఉన్న సంఖ్యలు లైను చివర విడిపోయి ఒకటి పై లైనులో, ఒకటి కింది లైనులో పడకుండా కూడా కట్టుదిట్టం చేసింది. పుస్తకం మొత్తంలో అటువంటి విరుపు ఒక్కటి కూడా కనిపించలేదు. సైన్యం సంగతి తెలియకపోయినా తన పని క్షుణ్ణంగా తెలిసిన మనిషి చేతిలో రాతప్రతి పడడం మా అదృష్టం.

రెండో చిక్కు ఫాంట్లది. మా వ్యాసాలలో కొన్ని చాలా ఏళ్ళ క్రితం అను అనే పాతకాలపు తెలుగు ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసినవి, కొన్ని ఈ మధ్య ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసినవి. మన ఊళ్ళలో చాలా ప్రెస్సులు యూనికోడ్ ఫైలు ఇస్తే మళ్ళీ అనులోకి మార్చుకుని పని చేస్తాయి, ఆ మార్పిడిలో ఒత్తులు జారిపోతాయి, పొల్లులు మాయమవుతాయి. ఇక్కడ దానికి విరుద్ధంగా అను ఫైళ్ళనే యూనికోడ్‌లోకి తెచ్చి, ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టారు. దీనివల్ల కలిగిన లాభం సైనికుల జాబితాలో తెలిసింది. అను ఫాంట్లలో ఉన్న పేర్లను ఎక్సెల్‌లో వరుస పెట్టమంటే కంప్యూటర్ వాటి వెనక ఉన్న ఇంగ్లీషు కీల వరుసను పట్టుకుంటుంది కాబట్టి అంకయ్య పక్కన సుబ్బయ్య వచ్చి నిలబడతాడు. యూనికోడ్‌లో అకారాది క్రమం చాలావరకు దానంతట అదే కుదిరింది, మిగిలిన కొద్ది పేర్లను చేత్తో సరిచేశారు. బెటాలియన్‌లో, రెజిమెంట్‌కు వంటి మాటల్లో పొల్లు నిలవకుండా అక్షరాలు ఒకదాని కింద ఒకటి దూరిపోయే తప్పు మొదటి ప్రూఫులో విపరీతంగా ఉంది, రెండో ప్రూఫుకు పూర్తిగా పోయింది.

సైనికుల జాబితా ఈ పుస్తకానికి గుండెకాయ. దానిని తయారు చేయడంలోని కష్టం చెబితేగాని ప్రెస్సువారి సహనం అర్థం కాదు. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అప్పటికి గుంటూరు జిల్లాలో ఉన్న ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతాలనూ, నెల్లూరు జిల్లాలో ఉన్న కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలనూ, కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలనూ కలిపి దానిని ఏర్పాటు చేశారు. కాబట్టి 1940ల నాటి సైనిక రికార్డుల్లో ప్రకాశం జిల్లా అనే మాటే ఉండదు. పొదిలి పక్క పల్లె నుంచి వెళ్ళిన మనిషి నెల్లూరు జిల్లా వాడిగా, గిద్దలూరు నుంచి వెళ్ళినవాడు కర్నూలు జిల్లా వాడిగా నమోదై ఉంటాడు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ ఉంచిన రికార్డుల్లో వెతకడానికి కూడా ఈ పాత జిల్లాల పేర్లే వాడాలి. బర్మాలో చనిపోయి సమాధి గుర్తు లేనివారి పేర్లు తౌక్యాన్‌లోని రంగూన్ స్మారక స్తంభాల మీద ఉన్నాయి. దాదాపు 27,000 పేర్లున్న ఆ స్మారకంలో మనవారిని గుర్తుపట్టాలంటే ఊరు, తండ్రి పేరు, జిల్లా మూడూ కలిపి చూసుకోవాలి. గుమాస్తా ఇంగ్లీషులో రాసుకున్న పేరు చూస్తే అది పోలయ్యో పుల్లయ్యో తేలదు. ఇంటిపేరు ఒకరికి ముందు ఉంటుంది, మరొకరికి వెనక ఉంటుంది, చాలామందికి అసలు ఉండదు.

ఇందువల్ల మేము పట్టికలో ప్రతి పేరుకూ రికార్డులో ఉన్న రూపం, కుటుంబం చెప్పిన రూపం, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా అని నాలుగు గడులు కావాలన్నాము. డెమీ సైజు పేజీ వెడల్పులో నాలుగు గడుల పట్టిక పెడితే అక్షరం చీమ తలకాయంత అవుతుందని ప్రెస్సు యజమాని అభ్యంతరం చెప్పారు. పట్టికను పేజీకి అడ్డంగా తిప్పితే వృద్ధులు పుస్తకం తిప్పుకుంటూ చదవడానికి ఇబ్బంది పడతారనీ ఆయనే అన్నారు. చివరకు ఎదురెదురు పేజీలను ఒకే పట్టికగా కట్టి, ఎడమ పేజీలో పేరు, ఊరు, కుడి పేజీలో జిల్లాలు, బెటాలియన్, వివరాలు పెట్టే ఏర్పాటు సూచించారు. ఇలా కడితే బైండింగ్‌లో ఒక్క వెంట్రుకవాసి తేడా వచ్చినా వరుసలు తప్పుతాయి, ఎడమ పేజీలోని మనిషికి కుడి పేజీలో మరొకరి మరణ తేదీ వస్తుంది. ప్రతి అయిదో వరుస కింద సన్నని గీత వేసి, రెండు పేజీలలోనూ వరుస సంఖ్య వేసి ఆ ప్రమాదాన్ని నివారించారు. మా ప్రతుల్లో వరుస తప్పిన పేజీ నాకు ఇంతవరకు కనిపించలేదు.

ప్రూఫుల సంగతిలో ఈ ప్రెస్సు పద్ధతి మిగతావారు నేర్చుకోదగినది. సాధారణంగా వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి, చూసి ఓకే అనండి అంటారు. వీరు పేర్ల పట్టికను మాత్రం కాగితం మీద పెద్ద అక్షరాలతో తీసి ఇచ్చి, ఆయా కుటుంబాలవారికి చూపించి సంతకం పెట్టించుకుని రమ్మన్నారు. ఇది మాకు అదనపు శ్రమే అయినా, ఫలితం చూశాక ఆ నియమం ఎంత అవసరమో తెలిసింది. కనిగిరి వైపు ఒక ఊరిలో ఎనభై దాటిన పెద్దావిడ ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుని, తండ్రి పేరు మీద వేలు పెట్టి, ‘మా నాయన పేరులో దీర్ఘం లేదు నాయనా, పటాలం కాగితంలో కూడా లేదు, నువ్వు పెట్టబాక’ అని సరిచేయించింది. ఆమె దగ్గర తండ్రి డిశ్చార్జి పుస్తకం (సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చినది) ఇప్పటికీ ఉంది. మడతల దగ్గర చిరిగిన దాని అట్టను పాత చీర అంచుతో కుట్టి దాచుకుంది. ఆ దీర్ఘం తీయడానికి ప్రెస్సువారు అప్పటికే సిద్ధమైన ఫారం (ఒకేసారి అచ్చు వేసే పేజీల కట్ట) మళ్ళీ కట్టారు, దానికి అదనంగా డబ్బు అడగలేదు.

పాత ఫొటోల విషయంలో యజమాని చూపిన నిగ్రహానికి నేను ప్రత్యేకంగా కృతజ్ఞుడిని. ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటే దానిని ఊడదీయడానికి వారు ఒప్పుకోలేదు. పొర అద్దంతో పాటే వచ్చేస్తుందని చెప్పి, రెండు పక్కల నుంచి దీపాలు పెట్టి, అద్దం మీద మెరుపు పడకుండా పైనుంచి కెమెరాతో తీశారు. తేమకు మచ్చ పడి ముఖం సగం చెరిగిన ఫొటో ఒకటి ఉంది. ఈ మధ్య వచ్చిన సాఫ్ట్‌వేర్‌లు ఇటువంటి ముఖాన్ని క్షణంలో స్పష్టం చేసి చూపిస్తాయి. మా బృందంలో కొందరు అలాగే చేయమని కోరారు కూడా. యజమాని చేసి చూపించారు, తరువాత పక్కన అసలు ఫొటో పెట్టి, ‘సార్, ఇది ఆయన ముఖం కాదు, కంప్యూటర్ గీసుకున్న ముఖం, చరిత్ర పుస్తకంలో ఇది వేస్తే ఇంటివాళ్ళు రేపు ఇదే ఆయన ముఖం అనుకుంటారు’ అన్నారు. మచ్చను మచ్చగానే ఉంచి, వెలుగునీడలు మాత్రం సరిచేసి వేశారు. యూనిఫాం గుండీలు, టోపీ అంచు, భుజం మీది లోహపు అక్షరాలు ఆ ముద్రణలో చక్కగా తెలుస్తున్నాయి. రంగులు అద్దడానికీ ఆయన ఇష్టపడలేదు. యూనిఫాం రంగు ఏదో రుజువు లేకుండా వేయకూడదన్న ఆ జాగ్రత్త, పరిశోధకులకు ఉండవలసినది, ఒక ప్రెస్సులో కనిపించింది.

మ్యాపుల దగ్గరకు వచ్చేసరికి ఈ మెచ్చుకోలు కొంత తగ్గించుకోవాలి. రెజిమెంట్ యుద్ధకాలపు అధ్యాయానికి రెండు మ్యాపులు కావలసి వచ్చాయి. ఒకటి మన తూర్పు తీరానిది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన నాటి పరిస్థితి అందులో చూపించాలి, ఎందుకంటే అప్పటివరకు ఎక్కడో దూరంగా జరుగుతున్నదనుకున్న యుద్ధం తీరం మీదికే వచ్చిన రోజు అది. రెండోది ఇంఫాల్ నుంచి ఐరావతి నది దాటి దక్షిణంగా సాగిన మార్గానిది. 4/3 మద్రాసు బెటాలియన్ 20వ భారత డివిజన్‌తో కలిసి నడిచిన దారి అందులో ఉంటుంది. తీరం మ్యాపు బాగానే వచ్చింది. బర్మా మ్యాపులో మాత్రం కొండల కోసం వేసిన బూడిద రంగు ముదిరి, దాని మీద ఉన్న ఊళ్ళ పేర్లు మునిగిపోయాయి, నదికీ రోడ్డుకీ తేడా తెలియలేదు. నలుపు ఒక్క రంగులోనే మ్యాపు వేసేటప్పుడు చుక్కల సాంద్రత ఎంత ఉండాలో ముందు ఒక నమూనా ముద్రించి చూసుకోవాలి, వీరు తెర మీద చూసి సరిపెట్టుకున్నారు. మేము ఒప్పుకోలేదు. ఆ ఫారం పక్కన పెట్టి, కొండలను గీతలతో చూపించి మళ్ళీ వేశారు. రెండోసారి వచ్చినది చదవడానికి వీలుగా ఉందే కానీ, రాతప్రతిలోని చిన్న ఊళ్ళలో కొన్నింటిని వదిలేయవలసి వచ్చింది. మ్యాపులు ఎక్కువగా ఉండే పుస్తకమైతే, ఆ పేజీలను మాత్రం ఆర్ట్ పేపరు మీద రెండు రంగుల్లో విడిగా వేయించుకోవడం మంచిది.

కాగితం, బైండింగ్ గురించి ఫిర్యాదు లేదు. లోపలి పేజీలకు 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువున్న) మ్యాప్‌లితో కాగితం, ఫొటోల విభాగానికి 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపరు వాడారు. 70 జీఎస్‌ఎం వాడితే ఖర్చు తగ్గుతుంది కానీ పట్టికల గీతలు వెనక పేజీకి కనిపిస్తాయని వారే చెప్పి, రెండు కాగితాల మీదా ఒకే పేజీ వేసి చూపించి, నిర్ణయం మాకు వదిలారు. జిగురుతో అతికించే పర్ఫెక్ట్ బైండింగ్ కాకుండా ఫారాలను దారంతో కుట్టి, వెన్నుకు కాలికో గుడ్డ వేసి గట్టి అట్ట పెట్టించుకున్నాము. నెల్లూరు ఎండలకు జిగురు పెళుసెక్కి, పది మంది చేతులు మారిన పుస్తకం పేజీలు రాల్చడం మనందరికీ తెలిసినదే. కుట్టు ఉన్న పుస్తకం బల్ల మీద పెడితే దానంతట అది తెరుచుకుని ఉంటుంది, ఎదురెదురు పేజీల పట్టికకు ఇది తప్పనిసరి కూడా. అట్ట మీద ఏనుగు చిహ్నాన్ని బంగారు రేకుతో అద్దడంలో మాత్రం అన్ని ప్రతులూ ఒకేలా లేవు. కొన్నింటిలో తొండం చివర రేకు సరిగా అంటలేదు. అటువంటి ప్రతులను అడిగిన వెంటనే మార్చి ఇచ్చారు.

16 పేజీల ఫారం లెక్కలో మా పుస్తకం చివర కొన్ని పేజీలు ఖాళీగా మిగిలాయి. ప్రకటనలతో నింపుకోవచ్చని ఎవరైనా చెబుతారు. పేజీలు కట్టే అమ్మాయి వాటి మీద సన్నని గీతలు వేసి, పైన కుటుంబ వివరాలు రాసుకోవడానికి అని పెడితే బాగుంటుందని సూచించింది. సైనికుడి సర్వీసు నంబరు, చేరిన తేదీ, పనిచేసిన చోట్లు, పింఛను వివరాలు రాసుకునేందుకు వీలుగా గడులు కూడా తానే గీసింది. పుస్తకం తీసుకున్న ఇళ్ళలో ఇప్పుడు ఎక్కువగా చూపించేది ఆ పేజీలనే అని విన్నాను.

స్వాతంత్ర్యం తరువాతి అధ్యాయం చిన్నది, దాని ముద్రణలో ప్రత్యేకంగా చెప్పవలసినది లేదు. 1948 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన టెరిటోరియల్ ఆర్మీని 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించారు, ఆ రోజునే ఏటా టెరిటోరియల్ ఆర్మీ దినంగా జరుపుతున్నారు. ఈనాడు మద్రాసు రెజిమెంట్‌కు అనుబంధంగా కోయంబత్తూరులో 110వ, కేరళలో 122వ పదాతి టెరిటోరియల్ బెటాలియన్లు ఉన్నాయి. 2024లో వయనాడ్ కొండచరియలు విరిగిపడినప్పుడు సహాయానికి వెళ్ళిన దళాలలో 122వ బెటాలియన్ ఒకటి. 18 నుంచి 42 ఏళ్ళ లోపు ఉండి, సొంత వృత్తి చేసుకుంటున్నవారు ఇందులో అధికారులుగా చేరవచ్చని తెలిసిన యువకులు మన జిల్లాల్లో తక్కువ. ఆ అర్హతల పేజీని పుస్తకం చివరికి నెట్టకుండా అధ్యాయం మధ్యలో గడి కట్టి పెట్టమని యజమాని ఇచ్చిన సలహా మేము పాటించాము.

గడువు గురించి ముందే హెచ్చరించాను. ఈ ప్రెస్సులో పెద్ద యంత్రం ఒక్కటే. మాఘంలో, వైశాఖంలో ముహూర్తాలు దట్టంగా ఉన్నప్పుడు శుభలేఖలే దాని మీద పరుగెత్తుతాయి, పుస్తకం పని పక్కకు జరుగుతుంది. ఎన్నికల కాలంలోనూ అంతే. యజమాని ఈ సంగతి దాచలేదు, కానీ చెప్పిన తేదీకి మాత్రం పని పూర్తి కాలేదు, ఆవిష్కరణ సభను మేము వాయిదా వేసుకోవలసి వచ్చింది. వృద్ధులైన మాజీ సైనికులను, వారి భార్యలను దూరపు ఊళ్ళ నుంచి రప్పించే సభలకు వాయిదా చిన్న సంగతి కాదు. కాబట్టి ఆవిష్కరణ తేదీని పుస్తకం చేతికి వచ్చిన తరువాతే నిర్ణయించుకోండి, ముహూర్తాలు లేని ఆషాఢంలోనో శూన్యమాసంలోనో పని అప్పగించండి.

ధర విజయవాడతోనూ చెన్నైతోనూ పోలిస్తే తక్కువేమీ కాదు. కొన్ని వందల ప్రతులకు ప్లేట్ల ఖర్చు, కుట్టు బైండింగ్ కూలీ పంచుకుంటే ఒక్కో ప్రతికి ఎక్కువే పడుతుంది. అయినా విజయవాడకు పంపి ఉంటే పెద్దావిడ చెప్పిన ఆ దీర్ఘం పుస్తకంలో ఉండిపోయేది. ప్రూఫు తీసుకుని పొద్దున బస్సెక్కి కనిగిరి వెళ్ళి, సరిచేసిన కాగితం మర్నాడు తెచ్చి బల్ల మీద పెట్టగలగడం దగ్గరలో ఉన్న ప్రెస్సుతోనే సాధ్యం. అంచనా కాగితంలో కంపోజింగ్, ప్రూఫులు, కాగితం, ముద్రణ, బైండింగ్ దేనికది విడిగా రాసి ఇచ్చారు, బిల్లులో ఆ అంకెలే వచ్చాయి. మ్యాపు ఫారం మళ్ళీ వేసిన ఖర్చు మా మీద వేయలేదు. జమీన్ రైతు వంటి వారపత్రిక వెలువడిన ఊరిలో అచ్చు పని పట్ల ఇంకా ఇటువంటి శ్రద్ధ మిగిలి ఉన్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

కవితా సంపుటాలకు, నలభై యాభై పేజీల చిన్న పుస్తకాలకు ఇంత ఏర్పాటు అవసరం లేదు, డిజిటల్ ముద్రణ వేసే షాపులు చాలు. వంశవృక్షాలు, గ్రామ చరిత్రలు, మాజీ సైనికుల జాబితాలు వంటి పేర్లు తప్పకూడని పనులకు ఇక్కడికి రండి. రాతప్రతిని యూనికోడ్‌లో ఇవ్వండి, ఫొటోలను ఫ్రేములతో సహా తీసుకురండి, మ్యాపులకు నమూనా ముద్రణ అడిగి తీసుకున్నాకే ఒప్పుకోండి. మా ఫైళ్ళన్నీ వారి దగ్గర భద్రంగా ఉన్నాయి, కొత్తగా దొరికిన పేర్లతో రెండో ముద్రణ కూడా అక్కడే వేయిస్తున్నాము. ఉదయగిరి, ఆత్మకూరు, దర్శి, మార్కాపురం వైపు కుటుంబాలలో 3వ మద్రాసు రెజిమెంట్‌లో పనిచేసినవారి కాగితాలు ఉంటే, డిశ్చార్జి పుస్తకం మొదటి పేజీ నకలు ఒకటి ప్రెస్సు కౌంటరులో మా పుస్తకం పేరు చెప్పి ఇవ్వవచ్చు, రసీదు రాసి తీసుకుంటారు.